చివరగా ముట్టిన చెయ్యి

జూన్ 4, పొద్దున పది గంటలు
స్టేషన్ ఎదుటి లాడ్జి, రెండో అంతస్తు

మీ బాబాయి దొరికాడే అమ్మలూ! బతికే ఉన్నాడు! ముప్ఫై ఒక్కేళ్ళ తరవాత నా తమ్ముడు దొరికాడు! అక్షరాలు గెంతితే కోప్పడకు. ముందు కూర్చో. మీ ఆసుపత్రి డ్రెస్సింగ్ గదిలో ఎవడి తలకాయైనా కారుతుంటే వాణ్ణి కుట్టేసి పంపించి, చెయ్యి కడుక్కుని, అప్పుడు చదువు.

ఎలా దొరికాడంటావా. నేను మిషన్లు బాగుచేసే కొట్టు మూసేశాక పొద్దుపోవట్లేదని నువ్వే కదా ఆ కుట్టుమిషన్ల ఫోరమ్ చూపించావు. అక్కడ నా పేరు పాతసూది. ఎవ్వరికీ సొంత పేర్లుండవు. పాత మిషన్లు బాగుచేసేవాళ్ళం ఓ రెండొందలమందిమి. పొద్దున లేస్తే తిట్టుకోవడమే. "నీ వేళ్ళు విరిచి షటిల్లో పెట్టి తిప్పుతా" అని ఒకడంటే, "రా, నీ బుర్రలో ఆయిల్ పోస్తా" అని ఇంకొకడు. అదంతా ప్రేమేలే.

అందులో ఎడంచెయ్యి అని ఒకడున్నాడు. మూడేళ్ళుగా నేను ఏది రాసినా తప్పంటాడు. మొన్న ఎవరో కొత్తవాడు, మిషన్లో ఎక్కడో టక్కుటక్కుమంటోంది, ఎక్కడో తెలియట్లేదు అని అడిగాడు. దానికి ఈ ఎడంచెయ్యి రాశాడు కదా: "స్క్రూడ్రైవర్ మొన మిషన్‌కి ఆనించు. పిడి పళ్ళతో కరుచుకో. చక్రం తిప్పు. చెవులకంటే పళ్ళు బాగా చెప్తాయి."

నెట్ షాపులో కుర్చీలోంచి లేచిపోయాను అమ్మలూ. పక్కవాడు కరెంటు కొట్టిందనుకున్నాడు. స్క్రూడ్రైవర్ చెవికి ఆనించేవాళ్ళు బోలెడుమంది. పళ్ళతో కరిచేది మన ఇంట్లోనే! మీ తాతకి మిల్లులో మోతకి రెండు చెవులూ పోయాయి, అందుకని ఆయన పళ్ళతో వినేవాడు. మాకిద్దరికీ అదే నేర్పాడు. ఆ పని తెలిసినవాళ్ళం ముగ్గురమే. ఒకాయన పోయాడు. ఒకణ్ణి నేను. ఇంకెవడు? చెప్పు, ఇంకెవడు?

వాడికి నేనెవరో తెలీదు. తెలియనివ్వను. వాడుండే ఊరు ఫోరమ్‌లో రాసుకున్నాడు, ఎదురుగా వెళ్ళి నిలబడి ఆశ్చర్యపరుస్తాను. ఎలాగూ ఫోరమ్‌వాళ్ళని ఊరూరా చూద్దామనే కదా రైలెక్కాను. మొదట ఫోరమ్‌లో బాబిన్ అక్కయ్య అనే ఆవిడ ఇంటికెళ్ళాను. చెప్పకుండా వెళితే సంతోషపడుతుందని చెప్పలేదు. తలుపు ఆవిడ మొగుడు తీశాడు. గోడౌన్‌లో బస్తాలు మోసే మనిషి, అలమారకి చొక్కా తొడిగినట్టున్నాడు. నేను నవ్వుతూ, "ఆవిడ లేదా అండీ? రోజూ నాతో మాట్లాడందే ఉండలేదు" అన్నాను. అంతే. కాలర్ పట్టుకుని గోడకేసి కొట్టాడు. పెదవి చీలింది. చెప్పు ఎటు పోయిందో. లోపల్నుంచి ఆవిడ పరిగెత్తుకొచ్చి, "అయ్యో, మా పాతసూది!" అనేసరికి వదిలేశాడు. తరవాత వాడే దూది పెట్టాడు పాపం, వాడే టీ కాచాడు. బంగారంలాంటి మనిషి. స్టేషన్‌దాకా నా పెట్టె మోసుకొచ్చాడు.

మీ నాయనమ్మ సంగతి నీకు తెలుసుగా. వాడు వెళ్ళిపోయిన రోజునుంచి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఎదురుగానే కూర్చుంటుంది, నా ముఖంకేసే చూస్తుంది, నోరు విప్పదు. "వాణ్ణి తెచ్చి చూపించమను, అప్పుడు మాట్లాడతా" అని మీ అత్తయ్యతో చెప్పించింది. ఆవిడకి తొంభై దాటాయి. ఇంకెంత టైముందే! మా అమ్మ నన్ను "ఒరే" అని పిలిస్తే చాలు నాకు.

తరవాత దిగబోయే లాడ్జి అడ్రసు వెనకాల రాశాను. ఫోను ఛార్జరు ఎక్కడో వదిలేశాను, అందుకే ఉత్తరం. అయినా ఫోనులో అయితే నువ్వు వెంటనే తిడతావు. ఉత్తరంలో అయితే తిట్టు రావడానికి నాలుగు రోజులు పడుతుంది.

పళ్ళు ఇంకా ఇరవై రెండు ఉన్న,
నాన్న


జూన్ 9
డ్రెస్సింగ్ గది, మధ్యాహ్నం, బ్రెడ్డు తింటూ

నాన్నా,

పెదవికి కుట్లు పడ్డాయా లేదా? ముఖ్యమైనది అదొక్కటీ రాయవు. చీలిక లోపలివైపు ఉంటే ఉప్పునీళ్ళతో పుక్కిలించు. పగిలిన అద్దంలో చూసుకుని బాగానే ఉంది అనుకోకు.

నిన్న ఒకతన్ని కుట్టాను. పదకొండు కుట్లు, భుజంనుంచి మోచేతిదాకా. పాత కెమెరాల ఫోరమ్‌లో నాలుగేళ్ళ స్నేహితుడెవరో ఊరొస్తే ఇంటికి పిలిచాడట. ఫోరమ్‌లో "నీ చేతులు నరుకుతా" అనే మాట ఎదురుగా నిలబడి అంటే ఎలా ఉంటుందో వాళ్ళు సరిచూసుకోలేదు. సగం జోకు, సగం నిజం. ఏ సగం ఏదో తెలిసేసరికి గాజు సీసా దిగిపోయింది.

మీ ఫోరమ్‌లో పెద్దక్క అని ఒకావిడ, ప్రయాణంలో ఎవరినైనా కలిస్తే పాటించాల్సిన మర్యాదలు రాసి పైన అంటించింది. నువ్వు చదవలేదని నాకు తెలుసు, చదివితే గోడకి తగిలేవాడివి కాదు. నేను చదివాను. వెళ్ళేముందు వారం రోజుల కిందటే చెప్పాలి. మొదటిసారి ఇంటికి వెళ్ళకూడదు, పగలు, నలుగురూ తిరిగే చోట కలవాలి. సొంత పేరు వాళ్ళు చెప్తే తప్ప అడగకూడదు. ఇంట్లోవాళ్ళ ముందు ఫోరమ్ మాటలు మాట్లాడకూడదు. ఫోరమ్‌లో జరిగిన గొడవ ఎదురుపడ్డప్పుడు ఎత్తకూడదు. ఎక్కడికెళ్తున్నామో సొంతవాళ్ళలో ఒకరికి చెప్పాలి. ఆ ఒకరు నేను. కాబట్టి అబద్ధం చెప్పకు.

బాబాయి అయితే సంతోషమే నాన్నా. నిజంగా. కానీ ఒక మాట అడుగుతాను. చిన్నప్పట్నుంచీ ఇంట్లో విన్నది ఒకటే: బాబాయి సూదిని పట్టి ఉంచే స్క్రూ బిగించకుండా టైలరమ్మకి మిషన్ ఇచ్చాడు, సూది విరిగి ఆవిడ కంట్లో దిగింది, నువ్వు కొట్టావు, ఆయన వెళ్ళిపోయాడు. కొట్టావంటే ఎంత కొట్టావు? ఎవరినడిగినా "పోనీలే" అంటారు. నా దగ్గరికి రోజూ కొట్టినవాళ్ళూ వస్తారు, తిన్నవాళ్ళూ వస్తారు. మర్చిపోయే దెబ్బ ఏదో, మర్చిపోనిది ఏదో చూడగానే చెప్పగలను. ఆ మనిషి పేరు ఎడంచెయ్యి ఎందుకు పెట్టుకున్నాడు?

అమ్మ అడిగితే కొండలు చూస్తున్నావని చెప్పాను. ఏ కొండలు అంది. నువ్వే చెప్పుకో.

నీ కూతురు


జూన్ 14
బస్టాండు వెనక లాడ్జి, కిటికీ తెరుచుకోదు

బంగారుతల్లీ,

కుట్లు పడలేదు, ఉప్పునీళ్ళు పుక్కిలించాను, నవ్వితే మళ్ళీ చీలుతోంది. నవ్వకుండా ఎలా ఉండమంటావే? ఖాయమైపోయింది! ఎడంచెయ్యి ఒప్పుకున్నాడు! ఎల్లుండి కాదు, ఆ మరుసటి రోజు, 17న, పగలు పదకొండింటికి, బస్టాండు ఎదుటి టీకొట్టు. నేను రాశాను: "ఏం ఎడంచెయ్యీ, మీ ఊరొచ్చా, దమ్ముంటే ఎదురుగా రా." వాడు వెంటనే: "చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని రా, గుర్తుపడతాను." చూశావా, ఎంత సరదా మనిషో!

మర్యాదలు అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. నిన్న ఈ ఊళ్ళోనే ఆయిల్‌డబ్బా అనే ఆయన్ని పార్కులో కలిశాను, అన్నీ పాటించాను. పేరు అడగలేదు. ఆయనా అడగలేదు. గంటసేపు మిషన్ల గురించి కూడా మాట్లాడలేదు, గొడవ ఎత్తకూడదు కదా, మా ఇద్దరికీ ఉన్నదంతా గొడవే. లేచి చెయ్యి కలిపి వెళ్ళిపోయాం. ఇంత మర్యాద ఆరోగ్యానికి మంచిది కాదేమో అనిపించింది.

ఎంత కొట్టావని అడిగావు. రాస్తాను. నువ్వు గాయాలు చూసినదానివి, తట్టుకుంటావు.

టైలరమ్మకి అప్పుడు ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో. ఆవిడ మిషన్ మీ బాబాయే విప్పి బాగుచేశాడు, మూడు రోజులు పట్టింది. ఆవిడ తీసుకెళ్ళే ముందు నేనే కొత్త సూది మార్చి, గుడ్డముక్క మీద కుట్టి చూశాను, నిక్షేపంగా కుట్టింది. మర్నాడు పొద్దున కేకలు. పరిగెత్తాం. ఆవిడ కుర్చీలోనే ఉంది, ఎడమ కంటిమీద చెయ్యి, వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. సూది జారి పలక మీద పడి విరిగి ముక్క ఎగిరింది, ఆ కన్ను పోయింది. వీధివీధంతా మా కొట్టు ముందు. "ఎవడు చేశాడ్రా ఈ మిషన్?" అని అరిచారు. నేను వాణ్ణి చూపించాను.

వాడు "నేను బిగించే ఇచ్చానన్నా" అన్నాడు. నాకు పిచ్చి కోపమొచ్చింది. జనం చూస్తున్నారు. వాడి కుడిచెయ్యి పట్టుకుని బెంచి వైసులో, ఇనుప దవడల మధ్య పెట్టి పిడి తిప్పాను. ఒక చుట్టు. వాడు అరవలేదు, నా ముఖంకేసే చూశాడు. రెండో చుట్టు తిప్పేసరికి ఎండుపుల్లలు విరిగినట్టు చప్పుడైంది. అప్పుడు అరిచాడు. ఎడమచేత్తో పానా అందుకుని నా ఎడమ చెవిమీద కొట్టాడు. ఆ చెవి ఆ రోజే పోయింది. నీతో పుట్టుకతోనే అని చెప్పాను, అబద్ధం. మీ నాయనమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. సాయంత్రానికి వాడు లేడు.

తప్పు వాడిదే అమ్మలూ. కానీ అంత కొట్టకూడదు, ఒప్పుకుంటాను. 17న వాడి ఎదురుగా నిలబడి "క్షమించాను రా, ఇంటికి రా" అంటాను. వాడు ఏడుస్తాడు. నేనూ ఏడుస్తాను. వాణ్ణి తీసుకెళ్ళి అమ్మ ముందు నిలబెడతాను.

చొక్కా ఇస్త్రీ చేయించుకున్న,
నాన్న


జూన్ 16

నాన్నా,

ఇది 17లోపు చేరదని తెలిసే రాస్తున్నాను. ఆ లాడ్జికి ఫోను చేస్తే ఒకడెత్తి "కిటికీ తెరుచుకోని గది ముసలాయనా? బయటికెళ్ళాడు" అని పెట్టేశాడు. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ బయటికే వెళ్ళావు.

నీ ఉత్తరం చేతులు కడుక్కోకుండా రెండుసార్లు చదివాను. తరవాత ఫోరమ్‌లో ఎడంచెయ్యి రాసినవన్నీ చదువుకుంటూ వెనక్కి వెళ్ళాను. రెండేళ్ళ కిందట అతను అందరినీ ఒక ప్రశ్న అడిగాడు. నీకు గుర్తుందా? "ఒకడు మిషన్ బాగుచేశాడు. ఇచ్చేముందు ఇంకొకడు ముట్టాడు. మర్నాడు సూది జారి ఒకరికి దెబ్బ తగిలింది. తప్పెవరిది? మొదట బాగుచేసినవాడిదా, చివరగా ముట్టిన చెయ్యిదా?" అందరూ ఏవేవో రాశారు. నువ్వు మూడు నిమిషాల్లో రాశావు: "మొదటివాడిదే. వాణ్ణి వైసులో పెట్టి బిగించాలి."

వైసు అన్న మాట ఇంకెవరూ రాయలేదు నాన్నా. ఆయనకి నువ్వెవరో తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు. నువ్వు ఆశ్చర్యపరచడానికి వెళ్ళట్లేదు. ఆయన జవాబు కోసం కూర్చుని ఉన్నాడు.

ఇంకొకటి. నేను నీ కొట్టులో బల్లకింద ఆడుకుంటూ పెరిగినదాన్ని. సూది మార్చాలంటే ముందు ఆ స్క్రూ వదులు చెయ్యాలి. మళ్ళీ బిగించాల్సింది సూది మార్చినవాడు. నువ్వే రాశావు, సూది నువ్వు మార్చానని. గర్వంగా రాశావు.

నేనేమీ అనను. నువ్వే ఆలోచించుకో. కానీ చెయ్యి విరిగినవాడు ముప్ఫై ఏళ్ళు కాచుకుంటే నాకు భయం. అందుకని బాబిన్ అక్కయ్యకి ఫోరమ్‌లో రాశాను. వాళ్ళాయన రేపు పొద్దున బస్సుకి వచ్చి ఆ టీకొట్టులో మూల కూర్చుంటాడు, నీకు కనపడకుండా. అలమార ఎక్కడ కనపడకుండా కూర్చుంటుందో నాకు తెలీదు. ఏమైనా అయితే ఆపమని చెప్పాను. ఆపమన్నానంతే.

నీ కూతురు


జూన్ 20
తమ్ముడి ఇల్లు

తల్లీ, తల్లీ, తల్లీ!

వాడి ఇంట్లో, వాడి మంచం మీద కూర్చుని, వాడి పెన్నుతో రాస్తున్నాను! తలకి ఏడు కుట్లు, నువ్వు వేసినంత నీటుగా లేవు. పక్కటెముక ఒకటి పగిలింది, ఊపిరి పీలిస్తే తెలుస్తోంది. వాడికి రెండు పళ్ళు పోయాయి. మీ పిన్ని, అంటే వాడి భార్య, మా ఇద్దర్నీ ఒకే గదిలో పడేసి, "ఇక్కడ కొట్టుకుంటే ఇద్దర్నీ నేను కొడతా" అంది. ఎంత మంచి మనిషో! నీ ఉత్తరం ఇవాళే ఆవిడ లాడ్జినుంచి తెచ్చిచ్చింది. చదివాను. నువ్వు చెప్పిందంతా నిజమే. జరిగింది రాస్తాను విను.

పదకొండుకి పది నిమిషాల ముందే వెళ్ళాను. వాడు అప్పటికే ఉన్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది, అదే నడక, కుడిచెయ్యి ప్యాంటు జేబులోంచి తియ్యలేదు. ఎడమచేత్తో రెండు టీలు తెచ్చి పెట్టాడు.

"కూర్చో పాతసూదీ" అన్నాడు.

"ఒరే, నన్ను గుర్తుపట్టలేదా? నేను రా..."

"మూడేళ్ళ కిందటే పట్టాను. 'స్క్రూకి అర చుట్టు చాలు, ఎక్కువ తిప్పితే మర చచ్చిపోతుంది' అని రాశావు. నాన్న మాట అది."

"మరి చెప్పలేదేం రా?"

"అడిగాను కదా. రెండొందలమంది ముందు అడిగాను. ఏం రాశావు నువ్వు? మళ్ళీ అడుగుతున్నా, ఇప్పుడు ఇద్దరమే. ఆ స్క్రూ చివరగా ముట్టిందెవరు?"

అమ్మలూ, అప్పుడు నేనేమన్నానో రాయడానికి సిగ్గేస్తోంది. "ఫోరమ్ గొడవలు ఎదురుపడ్డప్పుడు ఎత్తకూడదు రా, పెద్దక్క మర్యాదల్లో ఉంది" అన్నాను.

వాడు టీ గ్లాసు నా నుదుటిమీద పగలగొట్టాడు. వేడి టీ, రక్తం కలిసి కళ్ళలోకొచ్చాయి. కిందపడ్డాను. డొక్కలో తన్నాడు, ఒకసారి, రెండుసార్లు. నేనూ ఊరుకోలేదు, కాలు పట్టి లాగాను, వాడు బెంచీ అంచుకి నోరు తగిలి పడ్డాడు, పళ్ళు అక్కడే పోయాయి. నేను అరవై తొమ్మిదేళ్ళవాణ్ణి, వాడు అరవై మూడేళ్ళవాడు, బెంచీల కింద దొర్లుతున్నాం. టీకొట్టువాడు "గ్లాసులు! గ్లాసులు!" అని అరుస్తున్నాడు, మనుషుల గురించి కాదు. నేను వాడి మెడ పట్టుకున్నాను, వాడు నా మంచి చెవి పట్టుకున్నాడు.

ఇంతలో మూలనుంచి పేపరు పక్కన పెట్టి అలమార లేచింది. నువ్వు పంపిన మనిషి! ఒక్క గుంజుకి వాణ్ణి నా మీదనుంచి లాగి బోర్లా పడేసి, ఎడమ ముంజేతిమీద బూటు పెట్టి తొక్కిపట్టి, ఇనప స్టూలు పైకెత్తాడు. "పెద్దాయన్ని కొట్టింది ఈ చెయ్యేనా?"

వాడి కుడిచెయ్యి అప్పుడు జేబులోంచి బయటికొచ్చి నేలమీద పడి ఉంది. చూశానే అమ్మలూ. మూడు వేళ్ళు పక్కకి తిరిగిపోయి అతుక్కున్నాయి. వాడికున్నది ఆ ఎడమచెయ్యొక్కటే. ముప్ఫై ఏళ్ళు దాంతోనే స్క్రూలు తిప్పాడు, దాంతోనే బతికాడు. వాడు అరవలేదు. ఆ రోజు చూసినట్టే నా ముఖంకేసి చూశాడు.

"ఆపండి! నేనే! ఆ స్క్రూ నేనే బిగించలేదు! వాడు కాదు, నేను!" అని అరిచాను. టీకొట్టంతా అరిచాను. సూది మార్చాను, ఎవరో టీ తెచ్చారు, మరిచిపోయాను, అర చుట్టు. పొద్దున కేకలు వినగానే తెలిసింది. నా బొటనవేలికి తెలిసింది. జనం అడిగారు, వాడు పక్కన నిలబడి ఉన్నాడు, చిన్నవాడు, చూపించేశాను. వాడు నిజం చెప్తుంటే వినపడకుండా చెయ్యాలని వైసు తిప్పాను. కోపం కాదమ్మలూ అది. భయం. ముప్ఫై ఒక్కేళ్ళు కోపమనే చెప్పుకున్నాను.

అలమార స్టూలు కింద పెట్టి దానిమీద కూర్చున్నాడు. "మరి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు పెద్దాయనా?" అన్నాడు.

మీ బాబాయి నేలమీదనుంచే, రక్తం ఉమ్మి, "ఇంకోసారి చెప్పు" అన్నాడు. చెప్పాను. "ఇంకోసారి." మళ్ళీ చెప్పాను. మూడోసారికి వాడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నేననుకున్నట్టే, కాకపోతే నేనాడాలనుకున్న మాటకి కాదు.

నిన్న వాడి గదిలో ఒక పాత మిషన్ ఉంటే, వాడు చక్రం తిప్పాడు, నేను స్క్రూడ్రైవర్ కరుచుకున్నాను. పెదవి మళ్ళీ చీలింది, అయినా విన్నాను. తరవాత నేను తిప్పాను, వాడు కరవబోయి ముందు పళ్ళు లేవని గుర్తొచ్చి నన్ను తిట్టాడు. ఎంత సంతోషంగా ఉందో ఎలా చెప్పనే! క్షమించలేదు వాడు. అడిగాను కూడా. "లేదు" అన్నాడు. కానీ ఇంటికి వస్తానన్నాడు. ఒక్క షరతు: ఆ రోజు ఎవరెవరు వాడి తప్పని నమ్మారో, వాళ్ళందరికీ ముందు నిజం తెలియాలి. తెలిసిందని నువ్వు వాడికి రాయాలి, నేను కాదు. నా రాత నమ్మడట. అప్పుడు బస్సెక్కుతాడు.

కాబట్టి కాగితం తీసుకో. వాడు దొరికాడని సగం చెప్పి ఆపకు, సంతోషంలో రెండో సగం ఎవరూ వినరు. స్క్రూ సంగతే ముందు చెప్పు.

మీ అమ్మకి. కొండలు లేవని కూడా చెప్పు.

మీ అత్తయ్యకి. అన్నని వెనకేసుకొచ్చి సొంత తమ్ముణ్ణి ముప్ఫై ఏళ్ళు తిట్టింది. నన్ను తిట్టమను, ఎంతసేపైనా.

మీ పెద్ద మామయ్యకి. ఆ రోజు వాడి చెయ్యి వైసులో పెట్టడానికి భుజం పట్టుకున్నది ఆయనే. మెల్లగా చెప్పు, గుండెజబ్బు మనిషి.

మీ తమ్ముడికి. నా చెవి పుట్టుకతో కాదని వాడికీ తెలియాలి.

మీ నాయనమ్మకి. ఆవిడకి చెప్పక్కర్లేదేమో. గుమ్మంలో నిలబడి చూసింది కదా, నా ముఖంలో అప్పుడే చదివేసి ఉంటుంది, అందుకే నోరు మూసుకుంది. అయినా చెప్పు. ఇక నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు. వాడితో మాట్లాడితే చాలు.

ఇంకొకావిడ ఉంది, టైలరమ్మ. చుట్టం కాదంటావు. రాసుకో. కొట్టు మూసేదాకా ప్రతి ఏడూ మిషన్ నా దగ్గరికే తెచ్చేది. "నీ చెయ్యి పడితేనే నాకు ధైర్యం" అనేది. ఆవిడకి మాత్రం నువ్వు చెప్పకు, ఉత్తరమూ రాయకు. కుట్లు విప్పగానే నేనే వెళ్తాను. ఎడమవైపు నిలబడి చెప్పేస్తే నేను ఆవిడకి కనపడను. కుడివైపే నిలబడతాను.

నాన్న